ఎర్ర మూత, నీలం మూత

లూడీ మావయ్య పరాచికాలకి బలికాని ప్రాణి ఆ లోయలో ఒక్కటీ లేదు. చర్చి భోజనాలప్పుడు చక్కెర గిన్నెలో ఉప్పు పోసింది అతనే. ఆరోగ్యశాఖ ఇనస్పెక్టరు గొంతు పెట్టి పాల ట్యాంకరు డ్రైవరుకి ఫోన్ చేసి, "నీ బూట్ల కంపు భరించలేకపోతున్నామని ఆవులు అర్జీ పెట్టుకున్నాయయ్యా" అన్నదీ అతనే. పదో తరగతి మధ్యలో చదువు ఆపేశాడు. ఎందుకాపావని ఎవరైనా అడిగితే, "నేనెక్కడ ఆపాను? బడే నన్ను చూసి జడుసుకుని పారిపోయింది" అనేవాడు.

అలాంటివాడికి మేనకోడలు హలీనా. మేనమామ పోలిక వస్తే అదృష్టమంటారు. ముక్కూ మొహం సంగతెలా ఉన్నా, బుద్ధి మాత్రం అచ్చు గుద్దినట్టు దిగింది. ఒకసారి మావయ్య నిద్రపోతుంటే అతని పని ప్యాంటు కాళ్ళు రెండూ కలిపి కుట్టేసింది. ఇంకోసారి, "మావయ్యా, నీ ట్రక్కు జారి వాగులో పడింది" అని ఫోన్ చేస్తే, పాపం, అంత మంచులోనూ ఇంటి చెప్పులతో పరుగెత్తుకొచ్చాడు. ట్రక్కు పెట్టినచోటే ఉంది. దాని ముందు భాగం మీద కూచుని ఈ పిల్ల ఆపిల్ కొరుకుతోంది. ఆరోజు నించీ హలీనా 'అయ్యో' అంటే చాలు, మావయ్య ముందు నవ్వేసి, తర్వాత విషయం ఏమిటని అడిగేవాడు.

నవ్వు నాలుగు విధాల చేటని పెద్దలన్నారు. ఆ నాలుగూ ఏవో విడమర్చి చెప్పినవాళ్ళు లేరు. అందులో ఒకటి మాత్రం వీళ్ళ పాలగదిలో, అరమీద, రెండు తెల్ల డబ్బాల్లో కూచుని ఉండేది.

పాలగదంటే కొట్టాన్ని ఆనుకుని ఉన్న చిన్న గది. అందులో పాల ట్యాంకు, కడుగుడు తొట్టి, ఓ మూల రెండు పెద్ద పీపాలు. చలికాలం రాగానే తాత కాజిమీర్ కిటికీకి ప్లాస్టిక్ కాగితం కొట్టేసి, తలుపు సందుల్లో గోనెగుడ్డలు కుక్కేస్తాడు. చలి లోపలికి రాదు. లోపలున్నదీ బయటికి పోదు. అరమీది డబ్బాలు రెండూ కవలపిల్లల్లా ఉంటాయి. వాటికి అంటించిన కాగితాలు తడికి ఎప్పుడో ఊడిపోయాయి. ఎర్ర మూతది ఆసిడ్, ట్యాంకుకి పట్టిన పాలగార వదలడానికి. నీలం మూతది క్లోరిన్ కలిపిన సోడా మందు, జిడ్డు పోవడానికి.

తాతకి చూపు మందగించింది గానీ రంగులు తెలుస్తాయి. డబ్బాల్ని ఎప్పుడూ ఖాళీ కానివ్వడు. కాస్త తగ్గిందంటే చాలు, పీపాలోంచి చెంబుతో ముంచి మళ్ళీ అంచుదాకా నింపేస్తాడు. "మంచుపడి దారి మూసుకుపోయిన రోజున ఖాళీ డబ్బా చేతికొస్తే ఏడవాలి" అని వాళ్ళ నాన్న చెప్పాడట. ఎర్ర మూత తీసి ఎర్ర పీపాలోది పోస్తాడు. నీలం మూత తీసి నీలం పీపాలోది. వాసన చూడడు, చదవడు. మూతని నమ్ముతాడు.

ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి పడితే ఏమవుతుందో ఆ ఇంట్లోనే కాదు, ఆ చుట్టుపక్కల పాడి ఉన్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. కొండవతల రైతొకాయన ఏమరుపాటున కలిపి, లేచిన విషపు గాలి పీల్చాడు. బతికాడు. కాకపోతే ఇప్పుడు చర్చి మెట్లెక్కాలంటే మధ్యలో రెండుసార్లు కూచుంటాడు.

ఇహ హలీనా గొడవ వేరే. కిందటి జూన్‌లో రాష్ట్రం వాళ్ళు పెట్టే కెమిస్ట్రీ పరీక్ష తప్పింది. పశువైద్యం కాలేజీవాళ్ళు సీటిచ్చారు గానీ, జనవరిలో మళ్ళీ రాసి పాసైతేనే అని మెలికపెట్టారు. అందుకని ఆ చలికాలమంతా ఆవుల పొదుగుల కిందే చదువు. మావయ్య ప్రశ్నలడిగేవాడు. పుస్తకంలోది సగం, సొంత పైత్యం సగం. ఆవులన్నిటికీ పేర్లు కూడా మార్చేశాడు. తన్నేదాని పేరు సోడియం. ఎవరితోనూ కలవకుండా మూలన నిలబడేదాని పేరు ఆర్గాన్.

పరీక్ష రోజు పొద్దున్న పాలు పిండుతుంటే మొదలెట్టాడు.

"ఏమ్మా సైంటిస్టమ్మా, సోడియం నీళ్ళలో పడితే ఏమవుద్ది?"

"తంతుంది."

"అది మన ఆవే! పుస్తకంలో సోడియం సంగతడుగుతున్నా."

"అదీ తంతుంది మావయ్యా. కాకపోతే మంటపెట్టి మరీ తంతుంది."

"చూశావా నాన్నా!" అని మావయ్య తాతవైపు తిరిగి అరిచాడు. "నీ మనవరాలు పాసైపోయింది! ఇంక ఆ పరీక్ష ఎందుకు, డబ్బు దండగ!"

తాతకి వినపడలేదు. పాలు పిండే మిషను చప్పుడు భరించలేక చెవి యంత్రం వంటింటి బల్లమీదే పెట్టి వస్తాడు. కొడుకు నోరు కదిలిందంటే ఏదో వెటకారమే అని ఊహించి, "నీ తలకాయ్!" అన్నాడు. అది చాలాసార్లు సరైన జవాబే అయ్యేది.

హలీనా చేతులు కడుక్కోవడానికి పాలగదిలోకి వెళ్ళింది. పిల్లులు అలవాటుగా కాళ్ళకి చుట్టుకుంటూ వెంట వచ్చాయి. తొట్టి దగ్గర నిలబడేసరికి ఏదో తేడాగా అనిపించింది. ఎర్ర మూత పక్కనించి ఈతకొలను వాసన వస్తోంది. బడిలో ఆబర్టీన్ టీచరు ఇచ్చిన లిట్మస్ కాగితాలు జేబులోనే ఉన్నాయి. ఒకటి తీసి ఎర్ర మూత డబ్బాలో ముంచింది. ఎరుపు కాస్తా నీలమైంది. చూస్తుండగానే ఆ నీలం కూడా ఎగిరిపోయి అంచులు తెల్లబడ్డాయి. లోపలున్నది ఆసిడ్ కాదు, క్లోరిన్ మందు.

తల తిప్పి కొట్టంలోకి చూసింది. మావయ్య ఒక ఆవు కింద దూరి, లోకంలో ఏ పాపం ఎరగనివాడిలా ఈల వేస్తున్నాడు. అతను అంత శ్రావ్యంగా ఈల వేశాడంటే ఎక్కడో ఎవరికో మూడిందన్నమాటే.

'ఓహో! పరీక్షకి ముందు పరీక్షా?' అనుకుంది. చప్పుడు కాకుండా మూతలు రెండూ మార్చి సరిగ్గా పెట్టేసింది. ఆసిడ్ మీద ఎరుపు, సోడా మందు మీద నీలం. బయటికొచ్చి నోరు మెదపలేదు. ఇప్పుడే చెప్పేస్తే మజా ఏముంది? హలీనా కనిపెట్టలేదని మావయ్య రోజంతా ఉబ్బిపోవాలి, సాయంత్రం తీరిగ్గా గాలి తీసెయ్యాలి. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని అతనికీ తెలియాలి కదా.

పిల్ల బట్టలు మార్చుకోవడానికి ఇంట్లోకి వెళ్ళింది. కొట్టంలో మావయ్యా తాతా మిగిలారు. ఇంటి కిటికీలోంచి చూస్తే మావయ్య పాలగదిలోంచి బయటికి వస్తూ కనిపించాడు. చేతులు కడుక్కున్నాడేమో అనుకుంది.

బడికి వెళ్ళే దారంతా ట్రక్కులో ఇద్దరూ ముసిముసి నవ్వులే. సరస్సు మీదనించి వచ్చే మంచు గాలికి రోడ్డు మీద పాముల్లా పాకుతోంది. హలీనా కళ్ళు మూసుకుని గొణుక్కుంటోంది. ఆక్సీకరణమంటే ఎలక్ట్రాన్లు పోవడం, క్షయకరణమంటే రావడం. బరువైన వాయువు కిందికి, తేలికైంది పైకి.

బడి వాకిట్లో ఆపాడు. హలీనా దిగి నాలుగడుగులు వేసిందో లేదో, మావయ్య అద్దం దింపి తల బయటపెట్టాడు.

"ఒసేయ్ సైంటిస్టమ్మా! ఆ పరీక్ష సంగతి దేవుడెరుగు, పొద్దున నేను పెట్టిన పరీక్షలో నీకు గుండుసున్నా! ఎర్ర మూతా నీలం మూతా మార్చి నీ ముక్కు కింద పెట్టానే! చేతులు కడుక్కుని రాణీగారిలా వచ్చేశావు!"

హలీనా వెనక్కి తిరక్కుండానే చెయ్యి ఊపింది.

"భయపడకు, నేను మార్చేసే వచ్చాన్లే! లోపలికి ఫో! నేనిక్కడే కునుకు తీస్తుంటా!"

గంట మోగింది. పాపం పిచ్చి మావయ్య, నేను కనిపెట్టాననే తెలీదు అనుకుని నవ్వుకుంది. అంతకుమించి ఆలోచించడానికి బుర్రలో జాగా లేదు. మూలకాలన్నీ గోనెసంచిలో బంగాళాదుంపల్లా కుక్కి ఉన్నాయి. ఇంకొకటి పెడితే ఒకటి కిందపడేట్టుంది.

ఆటల హాలులో బల్లలు వరసగా వేశారు. ఆబర్టీన్ టీచరు గుమ్మం దగ్గర నిలబడి ఫోన్లన్నీ ఒక పెట్టెలో వేయించుకుంటోంది. కోట్లు వెనక గోడకి తగిలించమంది. ఆవిడ నవ్వితే పరీక్ష రద్దయిపోతుందేమో అన్నంత గంభీరం.

"తలుపు మూశాక బయటికెళ్ళినవాళ్ళు మళ్ళీ లోపలికి రాకూడదు. వెళితే ఆ పేపరు చెల్లదు. నీళ్ళు కావాలన్నా, కన్నీళ్ళొచ్చినా ఇప్పుడే కానివ్వండి."

హలీనా కూచున్నచోటికి ఎదురుగా ఎత్తులో ఒక కిటికీ ఉంది. అందులోంచి కొండమీదికెళ్ళే రోడ్డు కనిపిస్తుంది. పేపరు తెరిచేసరికి పాల ట్యాంకరు ఆ రోడ్డెక్కుతూ కనబడింది. ఇవాళ మన పాలు తీసుకెళ్ళే రోజు అనుకుంది. ట్యాంకరు వెళ్ళిపోగానే తాత ఖాళీ ట్యాంకు కడుగుతాడు. కడిగే ముందు డబ్బాలు నింపుకుంటాడు.

ప్రశ్నలు బాగానే ఉన్నాయి. అసలు నిజం చెప్పాలంటే, ఇంత బాగా ఎప్పుడూ లేవు. ఒకటి చేసింది, ఇంకోటి చేసింది. సోడియం ప్రశ్న వచ్చింది, నవ్వాపుకుంది. ఈసారి పాసవుతాను అన్న మాట ఒంట్లోకి వేడి కాఫీలా దిగుతోంది.

కాగితం తిప్పింది. రంగు మారే మందుల పట్టిక చూసి జవాబు రాయమన్నారు. వేలు పెట్టి చూసుకుంటూ వెళ్ళింది. లిట్మస్. ఆసిడ్‌లో ఎరుపు, క్షారంలో నీలం.

ఎరుపు. నీలం.

వేలు అక్కడే ఆగిపోయింది.

నేను మార్చేసే వచ్చాన్లే అన్నాడు మావయ్య.

తను పొద్దున్న సరిచేసింది. తను సరిచేసిందని తెలియక మావయ్యా సరిచేశాడు. సరిచేసినదాన్ని మళ్ళీ సరిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి పట్టిక అక్కర్లేదు. ఈ నిమిషాన క్లోరిన్ మందు మీద ఎర్ర మూత ఉంది. తాత ఆ మూత తీసి, ఎర్ర పీపాలోంచి చెంబుడు ఆసిడ్ ముంచి, అందులో పోస్తాడు. కళ్ళు సరిగా కనపడవు, మూతని నమ్ముతాడు. తలుపు సందుల్లో గోనెగుడ్డలున్నాయి.

పెన్సిలు చెవి మీద పెట్టింది.

కిటికీలోంచి చూసింది. ట్యాంకరు ఇంకా కిందికి రాలేదు. అంటే పాలు ఇంకా తోడుతున్నారు. ఇంకా టైముంది. ఇంకొక్క ప్రశ్న చేసి లేద్దామా? ఛ, ఏం ఆలోచిస్తున్నాను? ఒకవేళ మావయ్య ఉత్తినే అన్నాడేమో. మార్చలేదేమో, మార్చానని ఏడిపించాడేమో. అతని మాటల్లో ఏది నిజమో ఎప్పుడు తెలిసి చచ్చింది గనక! లేస్తే సీటు పోయినట్టే. లేవకపోతే... పొద్దున్న పాలగదిలోంచి బయటికొచ్చిన మావయ్య మొహం గుర్తొచ్చింది. ఈల వెయ్యకుండా వచ్చాడు. పరాచికం అయిపోయిందన్నమాట. నిజంగానే మార్చాడన్నమాట.

చెయ్యెత్తింది. ఆబర్టీన్ టీచరు చప్పుడు లేకుండా వచ్చి వంగింది.

"టీచర్, ఇంటికి ఫోన్ చెయ్యాలి. మా తాత ప్రాణం మీదికొచ్చింది."

"హలీనా," అందావిడ మెల్లిగా. "కిందటేడు నా కుర్చీకి బంక పూసింది నువ్వేగా?"

"నేనే టీచర్. ఇది అది కాదు."

"వెళితే ఈ పేపరు నేను తీసేసుకోవాలి. ఆలోచించుకో."

హలీనా పేపరు మూసి ఆవిడ చేతిలో పెట్టింది. పెన్సిలు చెవి మీదే ఉంది. పరుగు తీసింది. ఆవిడ వెనకనించి ఏదో అంది, కోటు అన్నట్టుంది, వినిపించుకోలేదు.

ఆఫీసులో కూచునే ఆవిడ ఇంటికి ఫోన్ కలిపింది. మోగుతోంది. ఖాళీ వంటింట్లో, చెవి యంత్రం పక్కన, మోగుతూనే ఉంది. అమ్మ పట్నంలో ముసలివాళ్ళ ఆశ్రమంలో వంటపనికి తెల్లారకముందే వెళ్ళిపోయింది.

"ఫైరు వాళ్ళని పిలవండి. కాజిమీర్ వాళ్ళ పాలగది, క్లోరిన్ అని చెప్పండి," అని అరిచి బయటికి ఉరికింది.

మావయ్య ట్రక్కు ఇంజను ఆడుతోంది. టోపీ మొహం మీద వేసుకుని గుర్రుపెడుతున్నాడు. హలీనా అద్దం మీద రెండు చేతులా బాదింది.

"పోనీ మావయ్యా! ఇంటికి పోనీ! మూతలు! నేను పొద్దున్నే సరిచేశా, నువ్వు మళ్ళీ మార్చావు!"

మావయ్య టోపీ పైకెత్తి ఒక కన్ను తెరిచాడు. మొహం నిండా నవ్వు పరుచుకుంది.

"అబ్బబ్బ! ఏం నటనే! కన్నీళ్ళు కూడా తెచ్చేసుకున్నావే! వాగులో ట్రక్కు కంటే ఇదే బాగుంది."

"నిజం మావయ్యా! తాత ఆసిడ్ పోసేస్తాడు!"

"పోస్తాడు పోస్తాడు. ఇంతకీ అంత తొందరగా పరీక్షెలా అయిపోయింది? తెల్లకాగితం ఇచ్చొచ్చావా?"

హలీనా మళ్ళీ అద్దం మీద బాదింది. గాలి కొడుతోంది, పళ్ళు టకటకలాడుతున్నాయి. మావయ్య నవ్వుతూ నవ్వుతూ ఆమె భుజాల్ని చూశాడు. పలచటి చొక్కా, దాని మీద అప్పుడే పడుతున్న మంచు. చేతులు ఎర్రగా కందిపోయాయి.

"నీ కోటేదే?" అన్నాడు.

"లోపలుండిపోయింది."

ఆ లోయలో పుట్టినవాళ్ళు జనవరిలో కోటు లేకుండా బయటికి రారు. అబద్ధానికి రారు, పందేనికి రారు, పరాచికానికి అసలే రారు. మావయ్య మొహంలో నవ్వు దీపం ఆరినట్టు ఆరిపోయింది. తలుపు తెరిచి ఆమెని లోపలికి లాగాడు.

కొండెక్కుతుంటే ట్యాంకరు ఎదురొచ్చింది. బరువుగా, కిందికి. పాలు తోడేశారు. మావయ్య హారన్ మీదే చెయ్యి పెట్టేసి, లైట్లు కొట్టి, ఆగమని చేతులూపాడు. డ్రైవరు చూశాడు. చూసి, లూడీ వేషాలు మనకి తెలీనివా అన్నట్టు పిడికిలి ఆడించి, పకపకా నవ్వుతూ వెళ్ళిపోయాడు.

మావయ్య ఇంకేం మాట్లాడలేదు. అతను మాట్లాడకుండా ట్రక్కు నడపడం హలీనా పుట్టాక చూడలేదు. అదే అన్నిటికంటే ఎక్కువ భయపెట్టింది.

వాకిట్లోకి మలుపు తిరగగానే ముందు పిల్లులు కనిపించాయి. పాలగదిలో వెచ్చటి మూల వదిలి చచ్చినా బయటికి రాని పిల్లులు. అన్నీ మంచులో, దూరంగా, వరసగా కూచుని ఆ తలుపు వంకే చూస్తున్నాయి. పిల్లికి చెలగాటం ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఇక్కడ చెలగాటం మనుషులది.

ప్లాస్టిక్ కాగితం వెనక పాలగది దీపం వెలుగుతోంది. రోజూ తెల్లగా ఉండే దీపం ఇవాళ పాడైన నిమ్మకాయ రంగులో ఉంది.

"నాన్నా!" అని మావయ్య అరిచాడు. వినపడదని తెలిసి కూడా అరిచాడు. మంచులో తడిపిన కండువా మూతికి చుట్టుకుని తలుపు లాగాడు.

"ఊపిరి బిగపట్టు! వంగకు మావయ్యా, అది గాలికంటే బరువు, నేలని పట్టుకుని ఉంటుంది! నిలబడే వెళ్ళు!"

చెప్పింది సరైన జవాబే. పుస్తకంలో అయితే మార్కులు పడేవి. కానీ తాత నిలబడి లేడు. ట్యాంకు కింద, నీళ్ళు పోయే కంత పక్కన, చెంబు చేతిలోనే పెట్టుకుని పడున్నాడు. నేల మీదున్నవాణ్ణి వంగకుండా ఎవడు లేపగలడు?

హలీనా పార తీసుకుని గాలివాటు చూసుకుని కిటికీవైపు పరుగెత్తింది. కిటికీ అద్దం, ప్లాస్టిక్కు కలిపి ఒక్క దెబ్బకి బద్దలుకొట్టింది. వాసన కత్తిలా ముక్కులోకి దిగింది. వెనక్కి దూకింది. లోపల ఏదో పడ్డ చప్పుడు, బూట్లు ఈడ్చిన చప్పుడు. మావయ్య దగ్గొకటి. ఊపిరి బిగపట్టినవాడు దగ్గడు.

తర్వాత తలుపులోంచి మావయ్య వీపు కనిపించింది. తాతని చంకల కింద పట్టుకుని వెనక్కి లాక్కొస్తున్నాడు. ఇద్దరూ కలిసి కొండగాలి తగిలేచోటికి, పిల్లులు దాటి, ఈడ్చుకుపోయారు. తాత కళ్ళలోంచి ధారలు కడుతున్నాయి. ఛాతీ కొలిమితిత్తిలా ఎగిరెగిరిపడుతోంది. చాలాసేపు దగ్గి, చివరికి కొడుకు కాలరు పట్టుకున్నాడు.

"ఒరే లూడీ," అన్నాడు, ఆ గొంతు అతనిది కాదు. "ఇదీ నీ పనేనట్రా?"

ఫైరుబండి సైరను కింద ఎక్కడో మొదలైంది.

ఆసుపత్రిలో సాయంత్రానికి తాత మంచంమీద లేచి కూచున్నాడు. ముక్కుకి గొట్టం పెట్టుకునే ఇంటికెళతానని పేచీ మొదలెట్టాడు. "దగ్గు తగ్గిందిగా. ఆవులు ఊరుకుంటాయా? నా ప్యాంటు ఎక్కడ దాచావే?" అని కూతురి మీద కేకలు. ఆ కేకలు విని అందరికీ ప్రాణం లేచొచ్చింది, డాక్టరుకి తప్ప. ఆవిడ హలీనా వాళ్ళ అమ్మని పక్కకి పిలిచింది.

"ఈ గాలితో ఒక చిక్కుంది. పీల్చినప్పుడు కాస్త దగ్గు, కళ్ళమంట. ఆ తర్వాత ఏం లేదన్నట్టు ఉంటారు. అసలు పని లోపల తర్వాత మొదలవుతుంది, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, ఊపిరందక పెదాలు నీలం తిరుగుతాయి. అందుకే బాగున్నానన్నవాళ్ళనే మేం ఎక్కువ కనిపెట్టి చూస్తాం. ఇంకెవరైనా పీల్చారా?"

"నేను కాదండోయ్," అన్నాడు మావయ్య గోడకానుకుని. "నా ముక్కుకి జీవితాంతం పేడ వాసనే సరిపోయింది. ఇంకోదానికి చోటు లేదు."

డాక్టరమ్మ నవ్వింది. హలీనా నోరు తెరవబోయింది. అప్పుడే ఆబర్టీన్ టీచరు కోటు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అంత మంచులో స్వయంగా కారు నడుపుకుంటూ వచ్చింది.

"పేపరు చెల్లదమ్మా," అంది, కోటు తనే తొడుగుతూ. "కాలేజీవాళ్ళతో మాట్లాడాను. ఈ ఏడాదికి కుదరదన్నారు. జూన్‌లో మళ్ళీ రాయి. రాసినంతవరకూ చూశాను." పై బొత్తం పెట్టింది. "ఒక్కటీ తప్పు పోలేదు."

అంతసేపూ ఏడవని పిల్ల అప్పుడు ఏడ్చింది. ఆ ఏడుపులో డాక్టరమ్మకి చెప్పాల్సిన మాట కొట్టుకుపోయింది.

అమ్మ తాత దగ్గర ఉండిపోయింది. ఆవులు మనుషుల కష్టాలు చూసి పాలు ఆపుకోవు కదా. మావయ్యా హలీనా ట్రక్కెక్కి కొండదారి పట్టారు. పొద్దు వాలిపోయింది. మంచు మళ్ళీ రోడ్డు మీద పాములు పాకిస్తోంది.

"రేపటినించీ ఆ డబ్బాల్ని వేరువేరు ఊళ్ళలో పెడదాం," అన్నాడు మావయ్య. "ఒకటి మనింట్లో, ఒకటి చర్చిలో. ఫాదరు గారు కాపలా." నవ్వాడు. నవ్వు చివర చిన్న దగ్గొకటి అతుక్కుని వచ్చింది.

"మావయ్యా, నువ్వు పీల్చావు."

"ఊరుకో."

"వంగావు. లోపల దగ్గావు. నేను విన్నా."

"ఆర్గాన్‌కి జలుబు చేసింది, అదంటించింది." ఇంకో దగ్గు. ఇది కొంచెం లోతునించి. చేత్తో మూతి తుడుచుకుని ఆ చెయ్యి తొడ పక్కకి దాచేశాడు.

"వెనక్కి తిప్పు. ఆసుపత్రికి."

"హబ్బో! మళ్ళీ మొదలెట్టావా సైంటిస్టమ్మా? ఒక్కరోజులో రెండుసార్లు నన్ను పరుగెత్తిస్తావా? ఆవులు పగిలిపోతాయే అక్కడ!"

హలీనా సీటు బెల్టు విప్పుకుని, బొత్తాలు ఒక్కొక్కటే తీసి, కోటు విడిచింది. తన పక్క అద్దం కిందికి దింపింది. గాలి ఈడ్చి కొట్టింది. కోటుని ఉండచుట్టి బయటికి తోసేసింది. అది చీకటి పడుతున్న మంచుమీద ఒకసారి దొర్లి వెనకబడిపోయింది.

మావయ్య ఆ కోటు పడ్డ చోటుని వెనక అద్దంలో చూశాడు. పలచటి చొక్కాలో వణుకుతున్న పిల్లని చూశాడు. రోడ్డు వెడల్పైనచోట ట్రక్కు మెల్లిగా తిప్పాడు.

"ఆవుల సంగతి?" అన్నాడు.

"పక్కింటివాళ్ళకి ఫోన్ చేస్తా."

"నువ్వు చేస్తే నమ్మరు. నేను చేస్తే అసలు నమ్మరు."

"అమ్మ చేత చేయిస్తా. నువ్వు మాట్లాడకు మావయ్యా, ఊపిరి దాచుకో."

అతను తలూపాడు. భయపడ్డట్టు కనపడకూడదనేమో, పెదాలు సున్నాలా చుట్టి ఈల వెయ్యబోయాడు. గాలి వచ్చింది గానీ పాట రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. లోపల ఎక్కడో తడి గుడ్డ కదిలినట్టు ఒక చప్పుడు.

హలీనా అతని పెదాల రంగు చూడాలని ముందుకి వంగింది. స్టీరింగు వెనకనించి మొహం మీద పడుతున్న దీపం ఒక్కటే వెలుగు. ఆ దీపం నీలం.